డ్రైవర్ వయసు పెరిగితే కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా? రెన్యూవల్‌కి ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పనులు

పోయిన నెల మా నాయన కారు పాలసీ రెన్యూవల్‌కి వచ్చింది. నాయనకి 67 ఏళ్లు, టీచరుగా రిటైరై అనంతపురం సాయినగర్‌లో ఉంటారు, కారు 2019లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్. పోయిన సంవత్సరం కంటే మూడున్నర వేలు ఎక్కువ చెప్పారంట ఫోన్లో. ఎందుకప్పా ఇంత అని అడిగితే, "సార్, మీకు వయసైంది గదా, సిస్టమ్‌లో రేటు దానంతట అదే పెరుగుతుంది" అన్నాడంట ఏజెంటు. నాయన నమ్మేశారు. సాయంత్రం నేను ఇంటికి పోతే, "ఇంక నేను నడిపేది తక్కువే, కారు నీ పేరు మీదికి మార్చుకో నాయనా" అన్నారు. ఆ మాట నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆయన 30 ఏళ్లుగా ఒక్క పెద్ద ప్రమాదం లేకుండా బండి నడిపిన మనిషి.

పాత పాలసీ, కొత్త కొటేషన్ పక్కపక్కన పెట్టి చూశాను. వయసుకి సంబంధించిన లైను ఒక్కటి కూడా లేదు. పోయిన సంవత్సరం 50 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనివాళ్లకి ఇచ్చే తగ్గింపు, ఈసారి సున్నా అయింది, అంతే. మధ్యలో ఒకసారి సప్తగిరి సర్కిల్ దగ్గర వెనక బంపర్ పగిలితే క్లెయిమ్ చేశాం, అది మేమే మర్చిపోయాం.

అప్పటినుంచి తెలిసినవాళ్లందరి పాలసీలు అడిగి మరీ చూస్తున్నాను. వయసు ప్రీమియంని ఎక్కడ తాకుతుంది, ఎక్కడ తాకదు అనేది చాలామందికి తెలియదు, ఇంటర్నెట్‌లో దొరికేది ఎక్కువగా అమెరికా, బ్రిటన్ లెక్క. మన లెక్క వేరు. మన దగ్గర వయసు బిల్లులో నేరుగా కనిపించేది చాలా తక్కువ, లైసెన్స్ తేదీ రూపంలో, కారు ఎవరి పేరున ఉంది అనే రూపంలో లోపలికొస్తుంది. అక్కడ ఏమరుపాటుగా ఉంటే పోయేది మూడు వేలు కాదు, లక్షల్లో పోతుంది.

మొదటి పని: బిల్లుని ముక్కలుగా విడదీయండి

రెన్యూవల్ నోటీసులో కింద ఉన్న మొత్తం ఒక్కటే చూసి భయపడొద్దు. అందులో థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి), ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టానికి), ఓనర్ ప్రమాద బీమా, యాడ్ ఆన్లు (అదనంగా కొనుక్కునే కవర్లు), వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి.

థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించింది, ఏ కంపెనీకి పోయినా ఒకటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం సొంత కారుకి 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, అది దాటితే 7,897. ఇంజన్ సైజు తప్ప ఇందులో ఇంకేమీ లేదు. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్‌లోనే 998 సీసీ టర్బో ఉంది, 1,197 సీసీ పెట్రోల్ ఉంది, ఒకదానికి 2,094 అయితే ఇంకోదానికి 3,416. నడిపేవాడికి 20 ఏళ్లా 70 ఏళ్లా అని ఇక్కడ ఎవరూ అడగరు. కాబట్టి "వయసు వల్ల థర్డ్ పార్టీ పెరిగింది" అని ఎవరైనా చెప్తే అక్కడే ఆపి రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ఓన్ డ్యామేజ్ అనేది కారు ఇప్పటి విలువ, అంటే ఐడీవీ మీద లెక్కకడతారు. పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకీ ఒకటే ఉన్న రేట్ల పట్టికలో, చూసేవి కారు వయసు, ఇంజన్ సీసీ, రిజిస్టరైన ఊరు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి 8 నగరాలు ఏ జోన్, అనంతపురం, కర్నూలు, కడప సహా మిగతా దేశమంతా బీ జోన్. ఐదేళ్ల లోపు 1000 నుంచి 1500 సీసీ కారుకి ఏ జోన్‌లో 3.283 శాతం, బీ జోన్‌లో 3.191 శాతం. ఆరు లక్షల ఐడీవీకి తేడా 552 రూపాయలు. బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలు అక్కడ రిజిస్టర్ చేయించిన కారు ఇక్కడికి తెచ్చి నాయన వాడుకుంటుంటే, నడిచేది అనంతపురంలో అయినా లెక్క బెంగళూరుదే.

2007 నుంచి ఓన్ డ్యామేజ్ రేటు కంపెనీల చేతికి వచ్చింది, ఎవరి డిస్కౌంట్ వాళ్లది. వయసు నేరుగా దూరగలిగే సందు ఇదొక్కటే. కొన్ని కంపెనీల ఫారంలో ఓనర్ పుట్టిన తేదీ, వృత్తి అడుగుతారు, దాన్నిబట్టి డిస్కౌంట్ కొంచెం అటూ ఇటూ చేస్తారు. అడిగింది ఓనర్ వయసు, రోజూ స్టీరింగ్ పట్టుకునేవాళ్ల వయసు కాదు, అది గుర్తుంచుకోండి. అందుకే కనీసం మూడు కంపెనీల దగ్గర ఒకే ఐడీవీ, ఒకే యాడ్ ఆన్లు పెట్టి కొటేషన్ తీసుకోండి. ఐడీవీ తగ్గించి చవకగా చూపించే పోలిక పోలికే కాదు. పుట్టిన తేదీ మాత్రం ఉన్నదే రాయండి, తప్పు రాసి నాలుగొందలు మిగిల్చుకుంటే క్లెయిమ్ రోజు అదే కాగితం మీకు ఎదురు తిరుగుతుంది.

రెండో పని: బోనస్ లైను చూడండి, వయసు మీద నింద వేసేముందు

నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరికి 50. ఒక్క క్లెయిమ్‌తో సున్నా. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ భాగానికే, థర్డ్ పార్టీకి వర్తించదు.

మా బిల్లు అంకెలు కొంచెం గుండ్రం చేసి చెప్తాను. ఓన్ డ్యామేజ్ 6,000. 50 శాతం బోనస్ ఉంటే 3,000, దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపితే 6,416, జీఎస్టీతో 7,571. బోనస్ లేకపోతే 9,416, జీఎస్టీతో 11,111. తేడా 3,540.

మరి ఆ బంపర్ క్లెయిమ్‌లో మాకు వచ్చిందెంత? బంపర్ ధర 6,000 అనుకోండి. జీరో డిప్రిసియేషన్ (పాతబడిందని ధర కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగం కోసేస్తారు, మిగిలిన 3,000లో 1500 సీసీ వరకు కార్లకి తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సిన 1,000 పోతే చేతికొచ్చేది 2,000. రెండు వేల కోసం మొదటి ఏడాదే 3,540 పోగొట్టుకున్నాం, రెండో ఏడాది 50 బదులు 20 శాతమే ఉంటుంది కాబట్టి ఇంకో 2,124 పోతుంది. ఆ రోజు షోరూంలో ఎవరైనా ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపించి ఉంటే మా సొంత డబ్బుతోనే బాగుచేయించేవాళ్లం. చిన్న దెబ్బకి క్లెయిమ్ పెట్టేముందు ఈ లెక్క మీరే వేసుకోండి, పెద్దవాళ్లున్న ఇళ్లలో మరీ ముఖ్యం, ఎందుకంటే పార్కింగ్‌లో పడే గీతలు, గేటుకి తగిలే దెబ్బలే ఎక్కువ.

ఇంకో మాట. బోనస్ కారుది కాదు, మనిషిది. నాయన చెప్పినట్టు కారు నా పేరు మీదికి మార్చి ఉంటే, ఆయన బోనస్ పోకుండా ఉన్నా అది నాకు వచ్చేది కాదు. ఆయన పాత కారు అమ్మి కొత్తది కొంటే, కంపెనీ దగ్గర బోనస్ లెటర్ తీసుకుని మూడేళ్లలోపు కొత్త కారుకి వాడుకోవచ్చు. ఓనర్ చనిపోయి కారు భార్యకో పిల్లలకో తల్లిదండ్రులకో వస్తే అప్పుడు మాత్రం ఆ బోనస్ వాళ్లకి అందుతుంది, అడగాలంతే, అడగకపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు. పాలసీ గడువు దాటి 90 రోజులలోపు కట్టకపోతే బోనస్ మొత్తం పోతుంది, ఎంత పెద్ద వయసువాళ్లదైనా.

మూడో పని: లైసెన్స్ తీసి వెలుతుర్లో పెట్టి తేదీ చదవండి

అన్నిటికంటే దీని మీద నాకు ఎక్కువ పట్టుదల. తాడిపత్రిలో మా మామకి గుత్తి దగ్గర ప్రమాదం జరిగింది, లారీ వెనకాల తగిలింది, దేవుడి దయవల్ల మనిషికి ఏమీ కాలేదు, కారు రిపేరు లక్షా 80 వేలు. పాలసీ బ్రహ్మాండంగా ఉంది, ప్రీమియం ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. లైసెన్స్ మాత్రం ఆయనకి 60 నిండాక అయిపోయి మూడు వారాలైంది. "నెల రోజులు గడువుంటుంది గదా" అన్నాడు మామ. ఉండేది ఒకప్పుడు. ఆ 30 రోజుల వెసులుబాటుని 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో తీసేశారు. ప్రమాదం తర్వాత నాలుగు రోజులకే రెన్యూవల్ చేయించాడు, కానీ ఆలస్యంగా చేయిస్తే అది చేయించిన తేదీ నుంచే చెల్లుతుంది, వెనక్కి పోదు. క్లెయిమ్ తిరస్కరించారు.

వయసు ఇన్సూరెన్స్‌ని గట్టిగా దెబ్బకొట్టేది ఇక్కడ. 2019 సవరణ తర్వాత సొంత కారు లైసెన్స్ లెక్క ఇలా ఉంటుంది. 30 ఏళ్లలోపు తీసుకుంటే 40 ఏళ్లు నిండేదాకా. 30 నుంచి 50 మధ్య తీసుకున్నా, రెన్యూవల్ చేయించినా 10 ఏళ్లు. 50 నుంచి 55 మధ్య అయితే 60 నిండేదాకా. 55 దాటాక ప్రతి ఐదేళ్లకీ. అంటే వయసు పెరిగేకొద్దీ ఈ తేదీ త్వరత్వరగా వస్తుంది, మనకేమో మర్చిపోవడం పెరుగుతుంది. అంతకుముందు ఇచ్చిన పాత లైసెన్సులకి వేరే లెక్క ఉండేది, కాబట్టి మనసులో లెక్కలేసుకోకుండా కార్డు మీద ఉన్న తేదీనే నమ్మండి.

గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యూవల్‌కి పెట్టుకోవచ్చు. పరివాహన్ సైట్‌లోని సారథిలో దరఖాస్తు, 40 దాటినవాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్. గడువు దాటి ఏడాది కూడా అయిపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి, 65 ఏళ్ల మనిషిని ఆ ఎండలో ట్రాక్ దగ్గర నిలబెట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. కళ్ల పరీక్షని కూడా నామమాత్రంగా చేయించొద్దు. శుక్లాలుంటే ముందు ఆపరేషన్, తర్వాత రాత్రి డ్రైవింగ్, ఈ వరుస మార్చకండి.

లైసెన్స్ లేకుండా ఎదుటి మనిషికి దెబ్బ తగిలిస్తే పరిస్థితి ఇంకా కష్టం. కోర్టు కంపెనీ చేత ముందు నష్టపరిహారం కట్టించి, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమనే వీలుంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. పాలసీ ఉన్నా చివరికి పొలమో ఇల్లో అమ్ముకునేది మనమే.

నాలుగో పని: ఇంట్లో 18 నిండిన పిల్లలుంటే

కొడుకో కూతురో కొత్తగా లైసెన్స్ తీసుకున్నారు, మీ కారు నడుపుతారు. ఈ కారణంగా మీ రెన్యూవల్ రేటు పెరగదు. మన పాలసీ బండికి ఇస్తారు, చెల్లే లైసెన్స్ ఉండి మీ అనుమతితో నడిపే ఎవరికైనా వర్తిస్తుంది. లెర్నర్ లైసెన్స్ ఉన్నవాళ్లకి కూడా, ఎల్ బోర్డు కట్టి, పక్కన లైసెన్స్ ఉన్న మనిషిని కూర్చోబెట్టుకుంటేనే.

18 నిండకుండా కారు ఇస్తే మాత్రం ఇన్సూరెన్స్ సంగతి తర్వాత, చట్టంలోని 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకి లేదా ఓనర్‌కి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. మన ఊళ్లల్లో పదో తరగతి పిల్లోడు పొలం దాకా కారు తోలుకుపోతే గొప్పగా చెప్పుకుంటారు. దయచేసి ఆపండి.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం, తెలిసినప్పుడు నాకే నిద్ర పట్టలేదు. బిల్లులో తప్పనిసరి ప్రమాద బీమా అని ఒక లైను ఉంటుంది, 15 లక్షలు. అది ఓనర్‌కి మాత్రమే, అదీ ఓనర్‌కి చెల్లే లైసెన్స్ ఉంటేనే. నాయన పేరున ఉన్న కారు 22 ఏళ్ల కొడుకు నడుపుతూ హైవే మీద ప్రమాదంలో చనిపోతే ఆ 15 లక్షలు ఆ ఇంటికి రావు. తన తప్పు వల్ల జరిగిన ప్రమాదమైతే థర్డ్ పార్టీ నుంచి కూడా రాదు, ఎందుకంటే ఓనర్ దగ్గర బండి తీసుకుని నడిపేవాణ్ని ఓనర్ స్థానంలో ఉన్నట్టే చూస్తారు. అందుకే ఇంట్లో నడిపే ప్రతి మనిషికీ విడిగా ఒక వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. కారు పాలసీ ప్రీమియం గురించి వాదించే అరగంటలో పది నిమిషాలు దీనికి పెట్టండి. కారులో కూర్చునేవాళ్లకి పేరు లేకుండా ప్రమాద బీమా కూడా యాడ్ ఆన్‌గా దొరుకుతుంది, అది కూడా అడగండి.

మీకు ఇప్పటికే 15 లక్షలకి తగ్గని వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉంటే, కారు పాలసీలో మళ్లీ కట్టక్కర్లేదు, ఆ వివరం రాసిస్తే ఆ లైను తీసేస్తారు. వయసైపోయి లైసెన్స్ వదిలేసిన నాయన పేరున కారుంటే కూడా ఆ లైను ఉండకూడదు. అయినా వసూలు చేసి ఉంటే తీసేయమనండి.

ఐదో పని: తక్కువ నడిపే పెద్దవాళ్లకి తగ్గించుకునే దారులు

మా నాయన నెలకి ఒకసారి కదిరి గుడికి, అప్పుడప్పుడు క్లాక్ టవర్ దాకా, అంతే. ఇలాంటివాళ్లకి 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించిన పే యాజ్ యూ డ్రైవ్ బాగా పనికొస్తుంది, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు అని ముందే చెప్పి ఓన్ డ్యామేజ్ తగ్గించుకోవచ్చు. కానీ సంక్రాంతికి పిల్లలొచ్చి అదే కారులో బెంగళూరు రెండుసార్లు పోయొస్తే ఎనిమిదొందల కిలోమీటర్లు దాటుతుంది, ఆ లెక్క కూడా కలుపుకుని స్లాబు ఎంచుకోండి. ఓడోమీటర్ ఫొటో తీసి పెట్టుకోండి. ఎలా నడుపుతున్నారో చూసి రేటు ఇచ్చేది కూడా ఉంది, నిదానంగా నడిపే పెద్దవాళ్లకి అది లాభమే.

వాలంటరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో ఇంత నేనే పెట్టుకుంటాను అని ఒప్పుకోవడం, దీనివల్లా కొంత తగ్గుతుంది. చిన్న క్లెయిములు ఎలాగూ పెట్టకూడదని నిర్ణయించుకున్నవాళ్లకే ఇది. చేతిలో పది వేలు సిద్ధంగా లేని ఇంటికి నేను చెప్పను.

పిల్లలు అమెరికాలో ఉంటే

కడప, కర్నూలు, అనంతపురం ఇళ్లల్లో సగం ఫోన్లు అక్కడినుంచే కాబట్టి ఇది కూడా చెప్పాలి. అక్కడ పాలసీలో ఇంట్లో నడిపే ప్రతి ఒక్కరి పేరూ రాయాలి, వయసు నేరుగా రేటులోకి వస్తుంది. 16 నుంచి 19 ఏళ్ల పిల్లలకి చాలా ఎక్కువ, 25 దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది, 70 దాటాక మళ్లీ పెరగడం మొదలవుతుంది. పాలసీలు చాలావరకు ఆరు నెలలవే, కాబట్టి పుట్టినరోజు దాటాక వచ్చే రెన్యూవల్‌లోనే మళ్లీ కొటేషన్లు అడగాలి. రాష్ట్రాన్ని బట్టి రూల్ మారుతుంది. హవాయిలో వయసుని లెక్కలోకి తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో 1988 నాటి ప్రొపొజిషన్ 103 అనే చట్టం ప్రకారం డ్రైవింగ్ రికార్డు, ఏడాదికి తిరిగే మైళ్లు, ఎన్నేళ్ల అనుభవం అనేవే ముందు చూడాలి. న్యూయార్క్‌లో డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేస్తే మూడేళ్లపాటు 10 శాతం తగ్గింపు. మంచి మార్కులున్న విద్యార్థులకి చాలా కంపెనీలు తగ్గింపిస్తాయి. మీరు ఆరు నెలలు పిల్లల దగ్గరికి పోయి కారు పట్టుకోవాలనుకుంటే, తాళం తీసుకునేముందే కొడుకు చేత కంపెనీకి ఫోన్ చేయించండి.

చివరి పని: ఫోన్లో ఏం అడగాలి

గడువుకి నెల ముందే మొదలుపెట్టండి. ఒక్క రోజు దాటినా కారుని ఇన్‌స్పెక్షన్‌కి పెట్టమంటారు, ఆ మధ్యలో ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. ఏజెంటుతో ఇలా మాట్లాడండి: "అన్నా, పోయినేడు ఓన్ డ్యామేజ్ ఎంత, ఈసారి ఎంత, బోనస్ ఎంత శాతం, ఐడీవీ ఎంత? వయసు వల్ల పెరిగిందంటే ఏ లైనులో పెరిగిందో మెయిల్‌లో రాసి పంపు." నేను ఇదే అడిగితే మా ఏజెంటు గంటలో బోనస్ సంగతి ఒప్పుకున్నాడు.

సమాధానం రాకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, తర్వాత ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ లేదా 155255 నంబరు. 30 రోజుల్లో తేలకపోయినా, తిరస్కరించినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు, మన ఆంధ్రా కూడా ఆ ఆఫీసు కిందికే వస్తుంది. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

నాయన పాలసీ వేరే కంపెనీలో, తక్కువ కిలోమీటర్ల స్లాబుతో, ఆయన పేరు మీదే కట్టేశాం. బోనస్ సున్నా నుంచి మొదలైంది. లైసెన్స్ తేదీ చూస్తే ఇంకా 14 నెలలుంది, రెండు నెలలాగి దరఖాస్తు పెడతాం, కళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ మాత్రం వచ్చే సోమవారానికే తీసుకున్నాను.